మెట్టతామర పంపకాలు

సాయంత్రం డబ్బింగు ముగించుకుని ఫిల్మ్‌నగర్‌లోని ఇంటికి రాగానే సత్యలక్ష్మి లోపలికి వెళ్లదు. చెప్పులు విడిచి, పెరట్లో కొళాయి పక్కనున్న మెట్టతామర మొదట్లో కాళ్లు కడుక్కుంటుంది. ఒంట్లోని అలసట నీళ్లతోపాటు దిగిపోయి దుంపల్లోకి ఇంకుతుంది. వంటగదైనా, మంచం పట్టిన అత్తగారి పిలుపైనా ఆ తరువాతే. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి వాడుక అది. డ్యూటీ దిగిన వాచ్‌మన్ హనుమంతు కూడా అక్కడే కాళ్లు కడుక్కుని ఇంటికి పోతాడు.

“అమ్మా, గీ చెట్టు ఇయ్యాల గుంజుతలేదు,” అన్నాడతను ఓ రోజు. “కాళ్ల తీపు గట్లనే ఉన్నది. జర చూడుండ్రి.”

ఎందుకో సత్యలక్ష్మికి తెలుసు. మెట్టతామరంత మొండి మొక్క ఇంకోటి లేదు. ఎండకు మాడినా, మొదలంటా కోసినా మళ్లీ లేస్తుంది. దానికి గిట్టనిది ఒక్కటే, ఇరుకు. రెండు మూడేళ్లకోసారి తవ్వి, దుంపలు విడదీసి నాటకపోతే ఒకదానిమీద ఒకటెక్కి ఊపిరాడక పూత మానేస్తుంది. కానీ దానికి కత్తి తగిలితే అన్నదమ్ములు విడిపోతారని అత్తగారి పట్టింపు. ఆవిడ మాట దాటి ఎవరూ తవ్వలేదు.

ఆ వారం డబ్బింగు గదిలో, కొడుకును సాగనంపే తల్లి పాత్రకు మాట చెబుతూంటే సత్యలక్ష్మి గొంతు మధ్యలోనే పెగలక ఆగిపోయింది.

“అమ్మగారూ, జీర వచ్చేసిందండీ,” అన్నాడు సౌండ్ ఇంజనీరు పృథ్వీరాజ్. “వచ్చే శుక్రవారం దాకా రెస్టివ్వండి. అప్పటికీ ఇంతే ఉంటే డైరెక్టరుగారు వేరే వాయిస్ పెట్టించేస్తారు.”

రెస్టెక్కడిది? అత్తగారిని పక్కకు తిప్పాలి, తినిపించాలి, రాత్రి పిలిస్తే లేవాలి. భర్త చలపతిరావు ప్రొడక్షన్ మేనేజరు, ఎప్పుడూ ఔట్‌డోర్‌లోనే. మధురానగర్ మరిది క్రాంతికుమార్, టోలిచౌకి ఆడపడుచు రష్మి ఆదివారం బత్తాయిలు పట్టుకొచ్చి, “మా వదిన ఉండబట్టి గానీ!” అని చీకటి పడకముందే వెళ్లిపోతారు.

ఆ ఆదివారం వాళ్లు బత్తాయిలు ఒలుస్తూండగా సత్యలక్ష్మి గునపం తీసింది.

“అత్తయ్యా, ఇవాళ దుంపలు విడదీస్తున్నాను.”

“అన్నదమ్ములు విడిపోతారే అమ్మాయ్!”

“కలిసెక్కడున్నారండీ?”

అత్తగారు చాలాసేపు పైకప్పుకేసి చూసింది. “కళ్లున్న ముక్కలు చూసి కొయ్యి,” అంది చివరికి.

ఆకులు కోసేసి, చుట్టూ తవ్వి, గడ్డను పైకి లాగడానికి సత్యలక్ష్మికి పొద్దు వాలింది. మన్ను కడిగి, ముక్కకు మొలకెత్తే కళ్లు రెండేసి ఉండేలా కోసింది. కోతలకు బూడిద అద్ది కాసేపు నీడన ఆరబెట్టింది. ఒక పాలు తనకుంచుకుని, మిగతా రెండూ చెరో సంచిలో వేసింది.

“బెత్తెడు లోతున అడ్డంగా పెట్టండి. చిగురేసేదాకా నీళ్లు తగ్గించి పొయ్యండి, కుళ్లుతాయి.”

క్రాంతికుమార్ సంచి ఎత్తబోయి ఆగాడు. “ఏంటొదినా ఇంత బరువు? దుంపలా, మా అమ్మా?”

“రాళ్లు కలిపిందిరా,” అని రష్మి నవ్వింది.

“ఇద్దరూ మర్చిపోకుండా పట్టుకెళ్లండి,” అని లోపల్నుంచి అత్తగారు గట్టిగా అంది.

మంగళవారం పొద్దున్నే మరిది ఫోను.

“వదినా, నిన్న ఆ దుంప నాటి చేతులు కడుక్కున్నానా, నడుం పడిపోయింది. డాక్టరేమో ఏం లేదంటాడు. లేవబుద్ధి కావట్లేదు. లేస్తే, ఎందుకు లేచానా అనిపిస్తోంది. రష్మి కూడా పొయ్యి ముందు కూలబడి ఏడుస్తోందట.” కాస్త ఆగాడు. “ఇది నీదే కదూ?”

“నాదే.”

“అంతా?”

“అంతా ఎక్కడ క్రాంతీ, మూడో వంతు.”

క్రాంతికుమార్ సాయంత్రానికి కారు తెచ్చాడు. అమ్మ ఒక నెల తన దగ్గర, ఇంకో నెల రష్మి దగ్గర అన్నాడు. అత్తగారు కోడలి చెయ్యి ఒకసారి నొక్కి, “తలుపేసుకుని పడుకో,” అని మాత్రం అంది.

సత్యలక్ష్మి పడుకుంది. పిలుపు వినబడుతుందేమోనని అలవాటుగా చెవి ఒగ్గింది. ఎవరూ పిలవలేదు. లేచి, ఇంత తిని, మళ్లీ పడుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. పృథ్వీరాజ్.

“అమ్మగారూ, రేపు వస్తున్నారా?”

“వస్తున్నాను బాబూ.”

మాటలో జీర జాడే లేదు.

“ఏమనుకోకండి,” అన్నాడతను, “సత్యలక్ష్మిగారిని ఒకసారి పిలుస్తారా?”