నారమ్మ గుడిసెకు పట్టా

జగన్‌మోహన్‌కు రైలు పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. పొద్దంతా జహీరాబాద్ స్టేషన్లో పార్శిల్ గుమాస్తాగా నిజం రైళ్లతో వేగి, సాయంత్రం ఇంటికి రాగానే తోటలో బొమ్మ రైలు ముందు గొంతుక్కూర్చునేవాడు. బొంబాయి నుంచి తెప్పించిన, చావి తిప్పితే నడిచే ఇంజను, దాని వెనక చిన్న చిన్న డబ్బాలు. బజారులో రేకు పని చేసే మహమూద్ చేత కిరసనాయిలు డబ్బాలు సన్నగా కత్తిరింపించి, వెదురు బద్దల మీద బిగించిన పట్టాలు. మొదట ఆ రైలు బావి చుట్టూ తిరిగింది. మరుసటేడు జామచెట్ల దాకా పోయింది. "వంటింట్లకు ఎప్పుడు తెస్తరు? పప్పుగిన్నె దాని మీదనే పంపిస్త" అని భార్య అనంతమ్మ ఎకసెక్కమాడేది.

తోట మూలన నారమ్మ గుడిసె ఉండేది. మొగుడున్నప్పుడు ఇద్దరూ కలిసి వేసుకున్నది. మొగుడు పోయాడు, గుడిసే, తోటకు నీళ్లు పెట్టే పనీ ఆమెకు మిగిలాయి. జగన్‌మోహన్ తండ్రి పట్వారీ. ఊళ్లో ఎవరి నేల ఎవరిదో చెప్పే మనిషి. ఆయనకు కోపమొచ్చిందంటే చాలు, "నీ గుడిసె పీకిపిస్త" అనేవాడు. ఆయన పోయి ఏళ్లయినా నారమ్మకు ఆ భయం పోలేదు. ఆ నేల తనది కాదు, రేపెవరైనా లెమ్మంటే లేవాల్సిందే. కప్పు మీద కొత్తగడ్డి వేసుకోవాలన్నా వెనకాముందాడేది పాపం.

అరవై ఒకటిలో ఉగాది ఇంకా దూరముండగానే జగన్‌మోహన్ ఒకనాడు మంచి హుషారుగా ఉన్నాడు. జామచెట్ల దగ్గర నిలబడి, "నారమ్మా, ఈ ఉగాదికి నీ గుడిసెకు పట్టా ఇప్పిస్త, సూస్తుండు!" అన్నాడు. రైలు పట్టాలు అక్కడిదాకా పొడిగిస్తానని ఆయనగారి సరదా. కానీ పట్వారీ కొడుకు నోట పట్టా అంటే ఆ తాలూకాలో ఎవరికైనా ఒకటే అర్థం. ఈ నేల నీది అని రాసిచ్చే కాయితం.

నారమ్మ పని ఆపి నిలబడిపోయింది. "నిజమేనా పంతులూ?"

"నిజం గాక! నేనేమన్న ఉత్త మాట చెప్తనా?"

జామచెట్లకూ గుడిసెకూ మధ్య నేల పల్లం. రైలు పోవాలంటే కట్ట పోయాలి. మరునాడు పొద్దున్నే నారమ్మ తట్ట అందుకుంది. ఎర్రమన్ను మోసింది, నీళ్లు చల్లింది, కాళ్లతో తొక్కింది. కూలి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "మన పట్టాకు మనమే కూలి దీస్కుంటమా?" అంది. తన రైలంటే ముసలిదానికి కూడా ఎంత ప్రేమో అని జగన్‌మోహన్ మురిసి ముక్కలయ్యాడు.

శివరాత్రి వెళ్లాక అనంతమ్మ అడిగింది. "నారమ్మ ఝరాసంగంల ఉన్న చెల్లెలికి కబురు వంపిందట. గుడిసె నా పేర్న అయితున్నది, ఒక్కదానివి ఎందుకు, వచ్చి నాతోనే ఉండు అని. మీరు భూమి పట్టా ఇస్తనన్నరా?"

"అయ్యో రామ! నేను రైలు పట్టా అన్ననే!"

"అయితే ఇప్పుడే పోయి చెప్పున్రి. పాపం తగుల్తది."

వెళ్లాడు. చెబుదామనే వెళ్లాడు. నారమ్మ మోచేతుల దాకా మన్నుతో కట్టను చదును చేస్తోంది. అతన్ని చూసి ఆమె మొహం చేటంత అయింది. కట్ట ఇంకా సగమే లేచింది. "ఉగాది కాడికి అయితదా?" అని మాత్రం అడిగి తిరిగొచ్చాడు. ఛీ, ఎంత నీచుణ్ణి అనుకున్నాడు. మర్నాడూ అనుకున్నాడు. రోజూ సిగ్గుపడ్డాడు గానీ నోరు మాత్రం తెరవలేదు, మహానుభావుడు!

ఉగాది రానే వచ్చింది. బొమ్మ రైలు చూడటానికి తహసీల్దారు గారినే పిలిచాడు. ఇంజను కట్ట ఎక్కి, గుడిసె వాకిట్లో ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు నారమ్మ కొత్తచీర కొంగు భుజం నిండా కప్పుకుని ముందుకొచ్చింది. వెనకాల మూట పట్టుకుని ఆమె చెల్లెలు. నారమ్మ తహసీల్దారు ముందు ఎడమచేతి బొటనవేలు చాచింది.

"యాడ ఎయ్యాలె సారూ, ఏలిముద్ర?"

"ఏం ముద్రమ్మా?"

"పంతులు నా గుడిసెకు పట్టా ఇస్తనన్నడు. గందుకే గద మిమ్ముల పిలిపించిండు."

తహసీల్దారు నవ్వుతూ జగన్‌మోహన్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇస్తున్నావా? మంచిపనే. రేపే రాయిద్దాం."

ఒక్క మాట చాలు. ఔనంటే అయిపోయేది. జగన్‌మోహన్ పళ్లికిలించి, "లేదు సార్, రైలు పట్టాలన్న. ముసల్ది, సరిగ్గ వినపడలే" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. ఎవరో రేకు పట్టాను చూపించి, "ఇగో నీ పట్టా, ముద్ర దీని మీద ఎయ్యి!" అన్నారు. నారమ్మ జగన్‌మోహన్ మొహంలోకి ఒక్కసారి చూసింది. చాచిన వేలు పిడికిట్లోకి ముడుచుకుంది.

"అవు సారూ, నా చెవులే పాడుగాను! పంతులు రైలనే అన్నడు" అని తనూ నవ్వింది.

భూమి చీలి అందులో పడిపోతే బాగుండుననిపించింది జగన్‌మోహన్‌కు. నారమ్మ చెల్లెలు మూట నెత్తిన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ పూట అనంతమ్మ అతని ముందు పప్పుగిన్నె ఠప్పున పెట్టి లోపలికి పోయింది.

తెల్లారి లేచి తిన్నగా గుడిసెకు పోయాడు. "నారమ్మా, తప్పయింది. ఇయ్యాళ్నే తహసీల్ కచేరికి వోయి నీ పేర్న రాయిపిస్త" అన్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు.

నారమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతోంది. రేకు పట్టాల మీద పడకుండా చూసి చల్లుతోంది.

"వద్దు పంతులూ. నిన్న అందరి ముంగట నాకే ఇనవడలేదని చెప్పిన. ఇయ్యాళ మీరు రాసిస్తే, అబద్ధమాడింది మీరేనని ఊరంత ఎర్కయితది. మీ ఇజ్జత్ వోతది. ఉండనియ్యిన్రి."

కాదు, రాయిస్తాను అని అతను రెండోసారి అనాలి. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అంతకంటే ముందే లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. తల ఎత్తేసరికి నారమ్మ అతన్నే చూస్తోంది. ఆ హమ్మయ్య ఆమెకు కనబడిపోయింది.

"పొద్దెక్కుతున్నది, జామచెట్లకు నీళ్లు వెట్టాలె" అని ఆమె పార తీసుకుని అతని పక్కనుంచే తోటలోకి నడిచింది.