కత్తెర చెయ్యి

నాకు గుండెనొప్పి రాలేదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ, ఛాతీలో చురుక్కుమన్నది కూడా లేదు. నా కుట్టు దుకాణం పై అంతస్తులో ఉంది. పద్దెనిమిది మెట్లు. ఏడాది పాటు పదో మెట్టు దగ్గర ఆగి, ఆయాసపడుతూ, ఆ మెట్లు కట్టినవాణ్ణి నానా మాటలూ అన్నాను. తీరా చూస్తే పాపం తప్పు అతనిది కాదు.

"షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి తెలిపే నరాలు మొద్దుబారతాయమ్మా. గుండెజబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది," అన్నారు సర్జన్. చిన్నవయసే. కోటు భుజాలు అంగుళం జారి ఉన్నాయి. కోట్లు కుట్టేదాన్ని, ముందు అదే చూశాను.

గుండెకి రక్తం తెచ్చే మూడు నాళాలూ పూడుకుపోయాయట. మా తమ్ముడు డ్రైవింగ్ నేర్పిస్తాడు. పక్క సీట్లో కూర్చుని అందరికీ బ్రేకు వేయడం వాడికి అలవాటు.

"స్టెంట్లు వేయించేసుకో అక్కా. రెండ్రోజుల్లో ఇంట్లో ఉంటావు. ఛాతీ కోయించుకోవడం ఎందుకు?"

సర్జన్ తెర మీద నా గుండె చూపించారు. "ఒక్కచోటే అయితే నేనూ స్టెంటే అనేవాణ్ణి. షుగర్ వల్ల ఈవిడ నాళాలు పొడుగునా సన్నబడ్డాయి. ఇవాళ ఇక్కడ తెరిస్తే రేపు ఆ పక్కన పూడొచ్చు. అడ్డాలన్నీ దాటించి బైపాస్‌తో కొత్తదారి వేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది."

కోటు మోచెయ్యి దగ్గర ఒకచోట చిరిగితే మాసిక వేస్తాను. బట్టంతా పలచబడ్డాక మాసిక వేస్తే దాని పక్కనే చిరుగుతుంది. ఈ సంగతి నాకొకరు చెప్పాలా?

"కొయ్యండి," అన్నాను. తమ్ముడు నోరెళ్లబెట్టాడు. "నిన్ను కాదులేరా," అన్నాను.

ప్రాణం గురించి నాకు పెద్ద బెంగ లేదు. బెంగంతా చెయ్యి గురించే. కొత్తదారికి ఒక నాళం ఛాతీ గోడ వెనకనుంచి, ఇంకోటి ముంజేతిలోనుంచి తీస్తారట.

"కొందరికి బొటనవేలి దగ్గర తిమ్మిరి వస్తుంది. ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. అందుకే రాయని చేతినుంచి తీస్తాం. మీరు ఏ చేత్తో రాస్తారు?"

"కుడిచేత్తో."

రెండు చేతులూ పరీక్షించారు, రెండూ బాగున్నాయన్నారు. మూడు వారాలు ఇన్సులిన్‌తో నా షుగర్‌ని దారికి తెచ్చారు.

ఆపరేషన్ రోజు పొద్దున సర్జన్ వచ్చి నల్ల మార్కర్‌తో నా ఎడమ ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా గీత గీశారు. ఎక్కడా వంకర లేదు. చెయ్యి తిరిగిన మనిషే అని మురిసిపోయాను. అదీ నా తెలివి. ఎందుకు గీశారని అడగాలా వద్దా?

ఆయన వెళ్లాక నర్సు కట్లూ దూదీ ఉన్న ట్రే తెచ్చింది. నాకు వేసిన గౌను అంచున దారం వేలాడుతోంది. దారం వేలాడితే నేను ఊరుకోను. ట్రేలో కత్తెర తీసి దారం మీద పెట్టాను. కుడిచేతి వాటం కత్తెర, నా చేతిలో దారాన్ని నమిలిందే తప్ప తెంపలేదు. అప్పుడు చూశాను. కత్తెర పట్టిన చేతి మీదే నల్లగీత ఉంది.

కత్తెర ట్రేలో పడేశాను.

"సిస్టర్, డాక్టరుగారిని పిలవండి."

"ఆయన థియేటర్‌లోకి వెళ్లిపోయారమ్మా."

"అయితే బయటికి పిలవండి. నేను ఇక్కణ్ణుంచి కదలను."

ఆయన తలకి టోపీతోనే వచ్చారు.

"ఏ చేత్తో రాస్తారన్నారు, కుడి అన్నాను. నిజమే. మా అమ్మ వేళ్ల మీద కొట్టి మరీ కుడిచేతి రాత నేర్పింది. కత్తెర పట్టేటప్పుడు కొట్టేవాళ్లు లేరు. అది ఎడమచేత్తోనే వచ్చింది. మీరు గీత గీసింది నాకు అన్నం పెట్టే చేతి మీద."

"ఏ చేత్తో పనిచేస్తారని అడగాల్సింది. తప్పు నాది," అన్నారు. బెట్టు చేయలేదు. అక్కడే నాకు నచ్చారు. కుడిచేతి రిపోర్టు మళ్లీ చదివి, ఎడమచేతి మీద గీత స్పిరిట్‌తో తుడిచి, కుడిచేతి మీద గీశారు.

"దీనికి తిమ్మిరొస్తే ఫర్వాలేదా?"

"బట్ట అదిమి పట్టుకుంటుంది, సంతకాలు పెడుతుంది. అంతకుమించి అది ఉద్ధరించేదేం లేదు."

కాగితం మార్చి మళ్లీ సంతకం పెట్టించారు. గుండ్రంగా, ముచ్చటగా పెట్టాను. అలాంటి సంతకం మళ్లీ పెట్టలేదు.

ఆపరేషన్ అయిన మూడో నెలలో పద్దెనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కాను. ఇన్సులిన్ సూదీ, మాత్రలూ నా సంచీలో ఉన్నాయి, అవి ఇక జీవితాంతం నాతోనే. సర్జన్‌గారికి కుట్టబోయే కొత్త కోటు కొలతలు బల్ల మీద పెట్టుకున్నాను, భుజాలు అంగుళం తగ్గించి. బట్ట పరిచి కుడిచేత్తో అదిమాను. ఆ బొటనవేలికి ఉన్నియో నూలో తెలియలేదు. ఆ క్షణం భయమేసింది. ఎడమచేత్తో నా కత్తెర తీసి సుద్దగీత మీద పెట్టాను. కరకరమంటూ చివరిదాకా ఒక్క ఊపున పోయింది.

అప్పుడు ఏడ్చాను. ఇన్ని నెలల్లో అదొక్కసారే.