ఓటేసింది అమ్మకి

మాచర్లకు పది మైళ్ల దూరంలోని ఒక ఊళ్లో, ఒక ఉదయం పంచాయతీ కార్యదర్శి తీర్మానాల పుస్తకం పట్టుకుని సర్పంచ్ ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్న అరుణ్ కుమార్, ఊరి మొగదల ఆర్చి కట్టించే తీర్మానం కింద 'ప్రశాంతి' అని చకచకా సంతకం చేశాడు. ప్రశాంతి అతని భార్య. ఎన్నికైన సర్పంచ్ ఆమే. ఆమె లోపలి నుంచి ఇద్దరికీ కాఫీ తెచ్చిచ్చి వెళ్లిపోయింది. ఇందులో తప్పున్నదని ఆ ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. మనలో మాత్రం ఎందరికి తోస్తుంది?

ఆ సాయంత్రం దంపతులిద్దరూ పంద్రాగస్టు జెండా పండుగకు పిలవడానికి వెంగమాంబ ఇంటికి వెళ్లారు. ఆమె ఒకప్పటి మండలాధ్యక్షురాలు. తొంభై దాటి చూపు మందగించినా మాట పదును తగ్గలేదు.

"ఊరికి ఏం కావాలే అమ్మాయ్?" అని ప్రశాంతిని అడిగింది.

"ఆర్చి కట్టిస్తన్నాం అమ్మమ్మా, చానా పెద్దది," అన్నాడు అరుణ్ కుమార్.

"నేనడిగింది నిన్ను కాదయ్యా."

ప్రశాంతి తల దించుకుంది. వెంగమాంబ పాత రోజుల్లోకి వెళ్లిపోయింది.

"నాకు పదిహేనేళ్లప్పుడు కృష్ణ అవతల నైజాం రాజ్యం. రజాకార్లకు భయపడి అక్కడి జనం ఈ ఒడ్డుకొచ్చి గుడారాలేసుకున్నారు. వాళ్ల ఉత్తరాలు గంపలో దాచి, పుట్టి పడవెక్కి అవతలికి పోయి ఇచ్చొచ్చేదాన్ని. ఒకసారి పోలీసోడు గంపలో చెయ్యి పెట్టబోయాడు. పురిటి గుడ్డలయ్యా, ముట్టుకుంటే మైల అని అరిచా. దెబ్బకి వెనక్కి దూకాడు!" అని పళ్లు లేని నోటితో నవ్వింది.

నవ్వు ఆగాక గొంతు తగ్గించింది. "అట్టాంటి దాన్ని, పందొమ్మిదొందల ఎనభై ఏడులో మండలాధ్యక్షురాలిగా గెలిచి ఏం చేశాననుకున్నావ్? ఇంట్లో మిరపకాయల తొడిమలు తీస్తా కూర్చున్నా. ఆఫీసులో నా కుర్చీలో మా ఆయన కూర్చునేవాడు. మగాడి పరువు పోగూడదనుకున్నా."

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒకనాడు ఎస్సీ కాలనీ నుంచి మరియమ్మ అనే కూలీ మనిషి మంచినీళ్ల బోరు కోసం అర్జీ తెచ్చింది. వెంగమాంబ భర్త శ్రీమన్నారాయణ చెయ్యి చాపితే ఇవ్వలేదు. "నేను ఓటేసింది అమ్మకి. కాయితం అమ్మ చేతికే ఇస్తానయ్యా," అని ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. పొద్దు వాలినా లేవలేదు. కబురు విని వెంగమాంబ పరుగున వచ్చింది.

"నైజాం పోలీసులకే భయపళ్లేదంటగా. ఈ గదిలోకి రాటానికి ఏందమ్మా నీకు భయం?" అన్నది మరియమ్మ.

 వెంగమాంబ తిన్నగా లోపలికి వెళ్లి భర్తతో, "మీరు లేవండి," అన్నది. ఆ నెలలోనే కాలనీలో బోరు పడింది.

"మా ఆయన ఎనిమిది రోజులు నాతో మాట్లాళ్లా. తొమ్మిదోనాడు తనే సైకిల్ మీద అన్నం కారియర్ తెచ్చి బల్ల మీద పెట్టి, 'పప్పులో ఉప్పెక్కువైంది, నేనే వండా' అన్నాడు. అంత కమ్మటి పప్పు మళ్లీ తిన్లేదే అమ్మాయ్," అన్నది వెంగమాంబ కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు ప్రశాంతి తలెత్తింది. "బళ్లో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు లేవు అమ్మమ్మా. నెలనెలా మూడు రోజులు పిల్లలు బడి మానేస్తన్నారు. మా బిందు కూడా."

అరుణ్ కుమార్ తెల్లబోయాడు. కూతురికి జ్వరమనుకుంటున్నాడు ఇన్నాళ్లూ. "నాకు చెప్పలేదేందే?"

"మీరెప్పుడడిగారు?"



పంద్రాగస్టు నాడు గ్రామసభలో ప్రశాంతి లేచి, ఆర్చి ఆపి ముందు బడికి నీళ్ల పైపు వేయిద్దామన్నది.  ఎవరో వెనక నుంచి ఎగతాళిగా నవ్వారు. జనంలో నిలబడ్డ అరుణ్ కుమార్ వెనక్కి తిరిగి, "సర్పంచ్ గారు మాట్లాడతన్నారు, వినండిరా," అన్నాడు. చేతులన్నీ లేచాయి.

చివర్లో వెంగమాంబను ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు.

"పరాయి పెత్తనం పోగొట్టడం మా తరం పని, చేశాం. ఆడదాని పేరు చెప్పి మగాడు చేసే పెత్తనం పోగొట్టడం మీ పని. గెలిచిన మనిషే కుర్చీలో కూర్చుని, తన నోటితో మాట్లాడిన నాడే మనం తెచ్చుకున్న స్వరాజ్యం ఇంటిదాకా వచ్చినట్టు."