చిన్న బళ్లో పెద్ద పిల్లాడు

ఆ తరగతిలో పిల్లలు పంతొమ్మిది మంది, కుర్చీలు ఇరవై. ఆ ఇరవయ్యో కుర్చీలో యాభై తొమ్మిదేళ్ల తాతయ్య కూర్చుని ఉన్నాడు. కూర్చున్నాడనడం కూడా మర్యాదకే. కుర్చీ జానెడు ఎత్తు, పసుపు రంగు, వీపు మీద బాతు బొమ్మ. అందులో ఆయన మోకాళ్లు రెండూ చెవుల దాకా వచ్చేసి, మనిషి మిడతలా ముడుచుకుపోయాడు. ఆయన లేస్తే వెనకాలే కుర్చీ కూడా అతుక్కుని లేచేది. అది చూసి పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఏడ్చేవాళ్లు కూడా ముక్కు చీమిడి సగంలో ఆపి మరీ చూసేవారు. అందుకే మొదటి వారం టీచరమ్మ ఆయన్ని పొమ్మనలేదు. చేతిలో ఉన్న అన్ని ఏడుపులకీ ఉచితంగా దొరికిన మందు ఆయన.

ఆయన ముప్పై ఏళ్లు ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపాడు. రోజుకి వందసార్లు పైకి వెళ్లాడు కానీ, ఉద్యోగంలో మాత్రం ఎక్కిన చోటే దిగాడు. బటన్ నొక్కడానికి మనిషెందుకని ఆఫీసువాళ్లకి ముప్పై ఏళ్ల తర్వాత అనుమానం వచ్చింది. దాంతో ఇంటికొచ్చేశాడు. కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు వేరే ఊళ్లో పనిచేస్తూ, వారానికోసారి చుట్టంలా వచ్చి పోతాడు. రెండేళ్లుగా మనవరాలిని పెంచింది తాతయ్యే. మనవరాలిని అడిగితే తాతయ్యని పెంచింది తనే అంటుంది. నాలుగేళ్లకే నడుం మీద చెయ్యేసుకుని ఇల్లంతా పనులు పురమాయిస్తుందని, ఇంట్లో అందరూ దాన్ని 'మేస్త్రి' అంటారు.

బడి తెరిచిన రోజు ఆ గది చూడాలి. ఒకడు నేల మీద దొర్లుతున్నాడు. ఒకడు వాళ్ల నాన్న వాచీని పళ్లతో పట్టుకుని వదలడం లేదు. ఒకావిడ తలుపు పట్టుకుని తన కవలల కంటే గట్టిగా ఏడుస్తోంది. మేస్త్రి మాత్రం చుక్క కన్నీరు పెట్టలేదు. తాతయ్య చిటికెన వేలు పట్టుకుని గదంతా ఓసారి తనిఖీ చేసి, "నువ్విక్కడ కూర్చో" అని బాతు కుర్చీ చూపించింది. పక్క కుర్చీలో తను కూర్చుంది. ఆయన కదిలితే చాలు, వేలు పట్టుకునేది.

రెండో వారం టీచరమ్మ ఆయన చెవిలో చెప్పింది. "అంకుల్, పిల్లలు పాట పాడేటప్పుడు మెల్లగా జారుకోండి. కాసేపు ఏడుస్తుంది, తర్వాత అదే సర్దుకుంటుంది."

పాట మొదలైంది. ఆయన కుర్చీలోంచి ఊడిపడి, పిల్లిలా తలుపు దాకా నడిచాడు.

"తాతయ్య పారిపోతున్నాడు!" అని మేస్త్రి కేక.

అంతే. పంతొమ్మిది మందీ పాట వదిలేసి ఆయన కాళ్లు పట్టుకున్నారు. ఒకడు ప్యాంటుకి వేలాడాడు. బెల్టు ఉండబట్టి పరువు దక్కింది.

మర్నాడు బాత్రూమ్‌కి వెళ్లొస్తానని చెప్పాడు. లోపల కాసేపుండి వెనక గేటు నుంచి పోదామని ఎత్తు. గడియ పెట్టాడో లేదో బయట నుంచి గొంతు వినిపించింది.

"అయిందా?"

"ఇంకా లేదమ్మా."

"ఇప్పుడు?"

"నువ్వు క్లాసుకి పో తల్లీ, నేనొస్తా."

"నీళ్లు పొయ్యి. మర్చిపోతావు."

ఆయాలిద్దరూ గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వారు. తాతయ్య నీళ్లు పోసి, తల వంచుకుని బయటికొచ్చాడు.

మూడో వారం బుధవారం నాడు హెడ్మాస్టరమ్మ పిలిచింది. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తే గోడ గడియారం కూడా ఒక నిమిషం ముందుకి జరిగేలా ఉంటుంది.

"శుక్రవారం దాకా చూస్తాం. ఆ తర్వాత క్లాసులో పెద్దవాళ్లు ఉండకూడదు. మీరు లేకుండా పాప ఉండలేకపోతే వచ్చే ఏడాది తీసుకురండి. ఈ సీటు కోసం బయట చాలామంది ఉన్నారు."

సాయంత్రం కూతురు యూనిఫామైనా మార్చుకోకుండా వంటింటి గట్టు మీద కూర్చుంది.

"నాన్నా, పాపని బళ్లో దింపి రమ్మన్నాను. నువ్వే చేరిపోయావేంటి? ఫస్టు ర్యాంకు కూడా వస్తుందా?"

"అది నా వేలు వదలడం లేదమ్మా."

"ఆసుపత్రి పక్కనే బడి. ఈ సీటు పోతే ఇంకో ఏడాది అది ఇంట్లోనే. మాట్లాడటానికి ఈడు పిల్లలు లేక, అప్పుడే నీలా దగ్గి, నీలా మోకాలు నొప్పి అంటోంది. నిజం చెప్పు, నీకూ అది ఇంట్లో ఉంటేనే బాగుంటుంది కదూ?"

తాతయ్య లేచి నీళ్లు తాగాడు. దాహం లేకపోయినా తాగాడు.

శుక్రవారం పొద్దున టీచరమ్మ మేస్త్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"తాతయ్య ఇంటికెళ్తే నీకు భయమేస్తుందా నాన్నా?"

మేస్త్రి ఆవిడని వింతగా చూసింది. "నాకెందుకు భయం?"

"మరి ఎందుకు పోనివ్వడం లేదు?"

"ఒక్కడే ఉంటే ఏడుస్తాడు." ఆ పిల్ల గొంతు తగ్గించింది, పక్కనున్నవాళ్లు వింటే తాతయ్య పరువు పోతుందని. "రోజూ ఏడుస్తాడు. నేను ముద్ద తినకపోతే ఏడుస్తాడు. నేను పడుకోకపోతే ఏడుస్తాడు. అమ్మతో బజారుకి వెళ్తానంటే, నువ్వు లేకపోతే నేనేమైపోవాలి అని ఇలా ఇలా ఏడుస్తాడు."

రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేసి చూపించింది. అచ్చం ఆయనే.

తాతయ్య మొహం కందగడ్డ అయిపోయింది. రెండేళ్లుగా ఆయన చేసిన పెంపకమంతా ఆ ఒక్క విద్య మీదే నడిచింది. ముద్దకో ఏడుపు, నిద్రకో ఏడుపు, పాలకి వెక్కిళ్లతో సహా ఒకటి. ఏడుస్తున్నట్టు నటిస్తే పిల్ల కరిగిపోయి చెప్పినట్టు వినేది. అబ్బో, మన తెలివే తెలివి అని మురిసిపోయాడు. పిల్ల అదంతా నిజమనుకుని, ఇంత మనిషి బరువు నెత్తిన ఎత్తుకుని తిరుగుతోందని ఆయనకి తట్టనే లేదు.

"అదంతా ఊరికే చేశానమ్మా. నీకు అన్నం పెట్టడానికి," అన్నాడు.

"అబద్ధం. ఇప్పుడు కూడా నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి."

నిజమే, ఉన్నాయి. ఈసారి నటన కూడా కాదు.

టీచరమ్మ చూపు తిప్పుకుంది. "చెప్పండి అంకుల్. మీరు చెబితేనే పోనిస్తుంది."

ఆ క్షణంలో ఒక్క వెక్కిలి చాలు. పిల్ల బ్యాగు సర్దుకుని ఆయనతో ఇంటికొచ్చేస్తుంది. వచ్చే ఏడాది దాకా ఆయనదే. ఆయనకా సంగతి బాగా తెలుసు. చేతులు మొహం దాకా లేచాయి కూడా. వాటిని అక్కడి నుంచి తల మీదకి పోనిచ్చి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాడు.

"నేను ఏడవను. ఒట్టు."

"ఏదీ, నవ్వు."

నవ్వాడు.

"పళ్లు చూపించమనలేదు. నవ్వమన్నాను."

మళ్లీ నవ్వాడు. మేస్త్రి తల అటూ ఇటూ వంచి ఆ నవ్వుని పరీక్షించింది. పనిలో ఏదో కొరత ఉన్నా ఈసారికి వదిలేస్తున్నట్టు నిట్టూర్చింది. వేలు పట్టుకుని గేటు దాకా నడిపించుకొచ్చి, వాచ్‌మన్‌కి అప్పగించింది.

"అంకుల్, మా తాతయ్య ఒక్కడే వెళ్తున్నాడు. రోడ్డు దాటించు. ఏడిస్తే నన్ను పిలు."

వాచ్‌మన్ మీసం కింద నవ్వు దాచుకుని సెల్యూట్ చేశాడు. "అట్లాగే మేడమ్."

మేస్త్రి వెనక్కి తిరిగి క్లాసులోకి వెళ్లిపోయింది. బాతు కుర్చీ అప్పుడే ఎవడో లాక్కున్నాడు కాబోలు, లోపలి నుంచి దాని అరుపు వినిపించింది. "ఏయ్, జరుగు! అది మా తాతయ్యది. ఇప్పుడు నాది."

"పదండి పెద్దాయనా, రోడ్డు దాటిస్తా," అన్నాడు వాచ్‌మన్.

"నాకు రాదా ఏంటి?"

"నాకు ఆర్డరు ఉంది సార్. కిటికీ కేసి చూడకండి, చూస్తోంది. నవ్వుతూ నడవండి."

తాతయ్య నవ్వుతూ రోడ్డు దాటాడు. ఏ కారణమూ లేకుండా ఇన్ని పళ్లు కనబడేలా నవ్వుతూ పోతున్న మనిషిని చూసి, ఎదురొచ్చే సైకిలతను పక్కకి తప్పుకున్నాడు. వీధి మలుపు దాకా అలాగే నడిచి, కిటికీకి కనబడని చోటికి తిరిగాక ఆ నవ్వు దించేశాడు.

అక్కడ ఒక పొట్టి గోడ ఉంది. గోడ మీద కవలల తల్లి చీర చెంగు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన వాచీ తండ్రి. ఆఫీసు బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పంటిగాట్లు పడ్డ వాచీని తుడుస్తున్నాడు.

"ఇవాళ వెనక్కి కూడా చూడలేదండీ, వెధవలు," అంది ఆవిడ వెక్కుతూ. "ఇద్దరిలో ఒక్కడైనా చూడాలా వద్దా?"

తాతయ్య మొహానికి అరచేతులు అడ్డం పెట్టుకున్నాడు.

వాచీ తండ్రి ఆయన భుజం తట్టి, చోటిచ్చాడు.

"కొంచెం జరగండమ్మా," అన్నాడు ఆవిడతో. "కొత్తాయన వచ్చారు."