గొర్రెలు దాటే రోజున ముహూర్తం

వీడియో కాల్లో పెళ్ళికూతురు తన పెళ్ళి ఏర్పాట్ల గురించి ఆగకుండా మాట్లాడుతోంది. రోవెనాకి ఒక్క ముక్క కూడా చెవికెక్కడం లేదు. ఆ అమ్మాయి వెనక సోఫా మీద, ఎడమ చెవి సగం తెగిన తెల్లటి పెద్ద కుక్క కాళ్ళు బార్లా చాపుకుని పడుకుని ఉంది. కొలరాడోలో తెల్లకుక్కలకేం కొదవ లేదు గానీ, అలాంటి చెవి ఒక్కటే. నక్క కొరికిన ఆ చెవికి కుట్లు వేస్తున్నప్పుడు, దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది రోవెనాయే.

"మీ కుక్క పేరేంటండీ?" అని అడిగింది.

"మార్ష్‌మేలో! మా ప్రెస్టన్ కళ్ళు తెరవని కూనగా తెచ్చుకుని పాలసీసాతో పెంచాడండీ. మా పెళ్ళికి సాక్షి కూడా వాడే. పత్రం మీద వాడి కాలిముద్ర వేయిస్తే చెల్లుతుందట కదా?"

"చెల్లుతుంది. మన రాష్ట్రంలో పాస్టర్ అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. మీరిద్దరూ కొండమీద నిలబడి మాట ఇచ్చుకుని సంతకం పెడితే పెళ్ళైపోయినట్టే. కుక్క ముద్ర ముచ్చటకి."

చెప్పింది గానీ, రోవెనాకి ఒళ్ళు మండిపోతోంది. బిషప్ అని పిలిస్తే మూడు కొండల అవతలి నుంచి పరిగెత్తుకొచ్చే కుక్కకి మిఠాయి ముక్క పేరా! పాలసీసా పట్టాడట, పెద్ద మనిషి! గొర్రెల దొడ్లో పుట్టి, గొర్రెపిల్లల మధ్యే ముడుచుకుని పడుకుంటూ పెరిగిన కుక్క అది. ప్రెస్టన్ మొదటిసారి చూసేనాటికి వాడి నడుమంత ఎత్తుంది.

ఆ ప్రెస్టన్ కోసమే రోవెనా మందను వదిలేసింది. 'నీ జుట్టంతా గొర్రె కంపు' అని వాడు ముక్కు మూసుకునేవాడు. పిచ్చిది, నిజంగానే మామయ్య మందను వదిలి, బిషప్‌ని వెంటబెట్టుకుని ఊళ్ళో కాపురానికి దిగింది. ఈ పారిపోయే పెళ్ళిళ్ళు జరిపించే పని మొదలుపెట్టిందీ అప్పుడే. ఇప్పుడు పారిపోవడమంటే ఇంట్లోవాళ్ళకి భయపడి కాదు. ఖర్చూ చుట్టాలూ లేకుండా, కొండపూల మధ్య ఇద్దరే పెళ్ళాడడం. గొర్రెలు ఈనే కాలంలో మామయ్యకు సాయంగా వెళ్ళి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. వాడు పోతే పోయాడు, పీడ వదిలింది. కుక్కని కూడా ఎత్తుకుపోయాడు! మూడేళ్ళుగా ఆ ఒక్కటే ఆమె కడుపులో రగులుతోంది.

"మీ ఆయనకి ఎలాంటి చోటు కావాలి?" అంది.

"అంతా నా ఇష్టమే అన్నాడండీ. పెళ్ళి జరిపించేవాళ్ళ పేరు కూడా అడగలేదు. నాకు మాత్రం నీలి కొలంబైన్లు ఉండాలి. మా అమ్మకి ప్రాణం ఆ పువ్వులంటే. కిందటేడు పోయింది. ఉంటే వచ్చేది."

ఒడెట్ అనే ఆ పిల్ల మంచిదే. ఆ సంగతి రోవెనాకి అప్పుడే తెలిసింది. తెలిసి కూడా నోటికొచ్చిన మాట ఆపుకోలేదు.

"అయితే నాకు తెలిసిన మైదానం ఒకటుంది. మోకాళ్ళ దాకా పూలే. మీ ఆయనకి మాత్రం చెప్పకండి. చూసి ఆశ్చర్యపోవాలి."

ఆ సాయంత్రమే వెండెల్ మామయ్య దొడ్డికి వెళ్ళింది. ఆయన గొర్రె కాలు ఎత్తి పట్టుకుని పెరిగిన గిట్ట చెక్కుతున్నాడు.

"మామయ్యా, మంద పైకి ఎప్పుడు తోలుతున్నావ్?"

"ఎప్పట్లాగే, మంచు విడిచాక. గురువారం అనుకుంటున్నా. ఏమే?"

"శుక్రవారం తోలు. పొద్దున్నే, పైమైదానం మీదుగా. ఆ రోజు నేను జరిపించే పెళ్ళొకటి అక్కడే."

"పెళ్ళిబేరం అక్కడ పెట్టుకుని మంద తోలమంటావా? మనవి పూలు కనిపిస్తే గడ్డి వంక కూడా చూడవు. గంటలో గుండు గీసేస్తాయి."

"అందుకే."

ఆయన గిట్ట వదిలేసి మేనకోడలి ముఖంలోకి చూశాడు. "ఎవడే పెళ్ళికొడుకు?"

పేరు చెప్పింది. "వాడికి గొర్రె వాసన పడదు కదూ," అని మామయ్య మళ్ళీ గొర్రె కాలు అందుకున్నాడు.

రోవెనా ఆ వారం రోజులూ పెళ్ళి పనులు ఎంత శ్రద్ధగా చేసిందంటే, సొంత చెల్లెలి పెళ్ళికైనా అంత చేసేది కాదు. కుక్క కాలికి హాని చెయ్యని సిరా తెప్పించింది. మధ్యాహ్నం దాటితే పిడుగులు పడతాయి కాబట్టి పొద్దున్నే ఎక్కాలంది. పూలు కోయకూడదు, బాట దిగి తొక్కకూడదు అని ఒడెట్‌కి ఒకటికి రెండుసార్లు చెప్పింది. చెబుతున్నప్పుడల్లా ఆమెకి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చేది. ప్రెస్టన్ చూస్తుండగా బిషప్ వాణ్ణి వదిలి తన దగ్గరికి రావాలి. ఆ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటే రాత్రుళ్ళు హాయిగా నిద్రపట్టేది.

శుక్రవారం పొద్దున ప్రెస్టన్ మలుపు తిరిగి మైదానం చూశాడు, తర్వాత రోవెనాను చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. రోవెనాని పెళ్ళి చేసుకుంటానని వాడు మోకాళ్ళ మీద కూర్చున్నది ఆ మైదానం మధ్యనున్న బండ పక్కనే.

"అభినందనలండీ," అంది రోవెనా, ముక్కూ ముఖం తెలియనట్టు.

"థ్... థాంక్సండీ," అన్నాడు వాడు. ఒడెట్‌కి ఏమీ చెప్పి ఉండడు, ఇక ఇప్పుడేం చెబుతాడు!

బిషప్ వచ్చి ఆమె చేతిని వాసన చూసింది. తోక నెమ్మదిగా ఊపింది. రోవెనా పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంది.

ఒడెట్ తెల్లగౌనులో బాట మీదే ఒద్దికగా నిలబడి, చుట్టూ ఉన్న నీలి పూలని చూస్తూ కళ్ళు తుడుచుకుంది. ప్రెస్టన్ ఆమె చేతులు పట్టుకుని, గొంతు సవరించుకుని, నోరు తెరిచాడు. గట్టు అవతల మెడగంటలు మోగాయి.

బిషప్ లేచి నిలబడింది. మిగిలిన ఒకటిన్నర చెవులూ నిక్కబొడిచింది.

ఆ తర్వాత గట్టు మీంచి మంద దిగింది. ఎనిమిది వందల నోళ్ళు మైదానం మీద పడ్డాయి. నీలివీ, ఎర్రవీ, పసుపువీ అని చూడలేదు. పరపరా కొరుకుతూ, పెంటికలు రాలుస్తూ, పెళ్ళికూతురి గౌను అంచును కూడా రుచి చూస్తూ సాగాయి. ప్రెస్టన్ చేతులాడిస్తూ "హుష్! హుష్!" అని గంతులేశాడు. ఒక పొట్టేలు వాణ్ణి తొడమీద ఒక్క కుమ్ము కుమ్మింది. రోవెనా కడుపు చల్లబడింది. ఆ క్షణాన్ని ఎవరైనా కొంటామన్నా అమ్మేది కాదు.

ఒడెట్ మాత్రం బాట దిగి, మోకాళ్ళ మీద పడి, గొర్రె నోటికి అందబోతున్న ఒక్క కొలంబైన్‌ని రెండు చేతులతో కప్పుకుంది. అది చూసి రోవెనా తల తిప్పుకుంది.

బిషప్ అప్పటికే మందలో కలిసిపోయింది. గొర్రెపిల్లల మూతులు వాసన చూస్తూ, అంచు పొడవునా తిరుగుతూ, డెన్వర్ నగరపు ఇంటి సోఫాలన్నీ మరిచిపోయి కాపలా కాస్తోంది.

"మార్ష్‌మేలో! ఇలా రా!" ప్రెస్టన్ అరిచాడు. కుక్క తల కూడా తిప్పలేదు. "ఇదంతా నువ్వే చేశావ్ కదూ, రోవెనా!"

తొందరలో పేరు జారింది. ఒడెట్ పువ్వు దగ్గర్నుంచి తలెత్తింది.

"ఈవిడ నీకు తెలుసా?"

వాడు నోరు తెరిచేలోపే రోవెనాయే చెప్పింది. "ఒకప్పుడు ఇదే బండ దగ్గర నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆ కుక్క నాది. ఎత్తుకుపోయాడు."

"మరి పాలసీసా?" అంది ఒడెట్ వాడితో. వాడు బూట్లకంటిన పెంటికల వంక చూశాడు. ఆమె రోవెనా వైపు తిరిగింది. "మా అమ్మ గురించి చెప్పినప్పుడు కూడా మీకు ఇది తెలుసు."

"తెలుసు."

"మీదే అయితే పిలవండి."

రోవెనా రెండు వేళ్ళు నోట్లో పెట్టి పాత ఈల వేసింది. "బిషప్!" అని కేకేసింది. మూడేళ్ళుగా దాచుకున్న కేక అది. కుక్క ఆగింది, చూసింది, తోక ఊపింది. ఊపి, వెనకబడ్డ గొర్రెపిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

కర్ర పట్టుకుని మంద వెనక వస్తున్న వెండెల్ మామయ్య ఆమె పక్కన ఆగాడు. "అది నీ కుక్క ఎప్పుడైందే? మందలోంచి ముందు తీసుకుపోయింది నువ్వు కాదూ?"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఒడెట్ లేచి, పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి గౌను జేబులో వేసుకుంది. కుక్క కాలిముద్ర కోసం తెచ్చిన సిరా డబ్బా తీసి రోవెనా చేతిలో పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండి," అని, కాపాడుకున్న ఒక్క పువ్వునీ కోయకుండా అక్కడే వదిలి, ఒంటరిగా బాట వెంట కిందికి వెళ్ళిపోయింది. పూలు కోయకూడదని రోవెనా చెప్పిన నియమం ఆ కొండ మీద పాటించింది ఆ పిల్ల ఒక్కతే.

"ఒడెట్! ఆగు! నా మాట విను!" ప్రెస్టన్ నాలుగడుగులు పరిగెత్తి, పెంటికల మీద జారి కూలబడ్డాడు. అక్కణ్ణుంచే రోవెనా వైపు తిరిగి అరిచాడు. "చల్లారిందా నీ కచ్చ? తృప్తేనా?"

ఆ తృప్తి కోసం రోవెనా లోపల వెతుక్కుంది. వాడి ఏడుపుముఖం కళ్ళెదురుగానే ఉంది. వాడికి జరగాలనుకున్నదానికి రెండింతలు జరిగింది. అయినా గొర్రెల అంచున తిరుగుతున్న ఆ సగం చెవి కుక్క ఇంకా దూరంగానే ఉంది.

"ఇంకా లేదు," అంది.

సిరా డబ్బాని బండ మీద పెట్టేసి, మామయ్య చేతిలోని కర్ర అడక్కుండానే లాక్కుని, వెనకబడిన గొర్రెల్ని అదిలిస్తూ మంద వెంట పైకి నడిచింది.