ఆరో బామ్మ పేరు

పిల్ల పుట్టి నెల కావస్తోంది. ఇంకా పేరు పెట్టలేదు. హాస్పిటల్‌లో అడిగితే తర్వాత చెబుతామని వచ్చేశారు. ఇంట్లో అమ్మమ్మ హాన్ మాత్రం దాన్ని కుక్కపిల్ల అని పిలుస్తోంది. పిల్ల బాగుందన్న మాట పైకి అంటే కనిపించనివాళ్ళ కన్ను పడుతుందని వియత్నాంవాళ్ళ భయం. అందుకని ముక్కు చప్పిడి అని, ఈ మొహాన్ని ఎవరు చూస్తారని రోజంతా తిడుతూ ముద్దు చేస్తోంది.

దివాకర్‌కి ఇది వింతగా లేదు. దిష్టి అన్న మాట అతనికీ తెలుసు. పోయిన వారం స్నేహితులు అఖిల్, అంకిత పిల్లను చూడ్డానికి వచ్చి "సో క్యూట్" అని నాలుగుసార్లు అన్నారు. వాళ్ళ కారు కదలగానే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. హాన్ కాగితం ముక్కలు వెలిగించి గుమ్మంలో పొగ వేసింది. స్మోక్ అలారం మోగింది. అలారం కింద తువ్వాలు విసురుతూ నిలబడ్డ దివాకర్‌కి, ఎండుమిరపకాయలు కాకపోవడమే మేలనిపించింది.

అతనికి కొత్తది అలసట. అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం, సెలవు లేదు. పిల్ల ఎప్పుడు లేస్తే అప్పుడు లేవాలి, తెల్లారి కాల్‌లో కూర్చోవాలి. భార్య లిన్ సంగతి ఇంకా కష్టం. తలంటుకోకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, చెవుల్లో దూది. ఒకప్పుడు మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టేవారట. అపార్ట్‌మెంట్‌లో కుదరదని హాన్ చిన్న హీటర్ పెట్టింది. లిన్ ఆర్కన్సాలోనే పుట్టి పెరిగింది, ఫార్మసిస్ట్. ఇవేవీ నమ్మనంటుంది, అన్నీ చేస్తుంది. వాదించే ఓపిక లేదంటుంది.

నేపర్‌విల్ నుంచి అక్క విజయశ్రీ రోజూ అతను ఆఫీస్‌కి డ్రైవ్ చేసే టైమ్‌కి ఫోన్ చేస్తుంది.

"ఏరా, పేరు పెట్టారా?"

"ఇంకా లేదక్కా."

"ఎప్పుడు పెడతారు, కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడా?"

"నెల నిండిన రోజు పూజ ఉంది. ఆ రోజు."

"నాకా, నీల్, ఈషాన్, ఇద్దరూ మగపిల్లలే. అమ్మ పేరు పెట్టుకోడానికి మన ఇంట్లో ఉన్నది ఇదొక్కతే."

"తెలుసు."

"తెలిస్తే మీ అత్తగారికి చెప్పు. ఆవిడేమన్నా పులా?"

"పులి కాదు. సూప్ చేసి పెడుతోంది పాపం."

"ఏం సూపు?"

"పంది కాళ్ళు, పచ్చి బొప్పాయి వేసి. పాలు పడతాయంట."

"ఆ సంగతి ఆంజనేయప్రసాద్ బాబాయికి చెప్పకు," అంది విజయశ్రీ.

వాళ్ళ అమ్మ సుభద్ర పోయిన ఏడాది జూన్‌లో పోయింది. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌కి డేట్ దొరకదని దివాకర్ వెళ్ళలేదు. విజయశ్రీకి సిటిజన్‌షిప్ ఉంది, వెళ్ళింది. అక్కడ ఆమె ఫోన్ పట్టుకుని నిలబడితే, ఇక్కడ అతను వంటగదిలో నిలబడి కార్యమంతా స్క్రీన్ మీద చూశాడు. లిన్ కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిసిన రోజునే పేరు అనుకున్నాడు. వెళ్ళనందుకు అదైనా చేద్దామనుకున్నాడు.

ఆ పేరు అత్తగారి ముందు ఒక్కసారే ఎత్తాడు. అన్నం తింటున్నారు. "మా అమ్మ పేరు పెడదామనుకుంటున్నాం ఆంటీ," అన్నాడు. హాన్ స్పూన్ కింద పెట్టింది. లిన్‌తో వాళ్ళ భాషలో ఏదో అని, లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

"పెద్దవాళ్ళ పేరు పిల్లలకి పెట్టకూడదట," అంది లిన్. "పిల్లను కేకలేసినప్పుడల్లా పోయినవాళ్ళను కేకలేసినట్టే. వాళ్ళు ఊరుకోరు. పిల్లకి మంచిది కాదు."

"మావాళ్ళయితే సంతోషిస్తారు. అమ్మే తిరిగి వచ్చిందంటారు."

"మీవాళ్ళు."

"నువ్వేమంటావ్?"

"మీరిద్దరూ తేల్చుకోండి. ఏ పేరైనా నాకు ఓకే. నాకు నిద్ర కావాలి."

వాళ్ళు తేల్చుకోలేదు. రోజులు గడిచి పూజ శనివారం వచ్చింది.

వియత్నాంవాళ్ళ లెక్కలో పుట్టబోయే బిడ్డను పన్నెండు మంది మంత్రసాని అమ్మలు తయారు చేస్తారు. ఒకామె చెవులు దిద్దుతుంది, ఒకామె నవ్వడం నేర్పుతుంది. నెల నిండగానే వాళ్ళకి నైవేద్యం పెట్టి, బిడ్డ పేరు చెప్పి, ఇకముందు కూడా చూసుకోమని అడగాలి. ఆడపిల్లయితే నైవేద్యం అల్లం వేసిన బెల్లం పాకంలో బియ్యప్పిండి ఉండలు. తెల్లవారగానే హాన్ పిండి కలిపి కూర్చుంది. దివాకర్ చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుని ఉండలు చుట్టడం మొదలుపెట్టాడు. ఉండ్రాళ్ళు చేసిన చేతులే. హాన్ ఒక ఉండ తీసి చూసి, ఏమీ అనకుండా పళ్ళెంలో పెట్టింది.

వాళ్ళిద్దరి మధ్యా ఇంగ్లిషే. ఆవిడది ఫోర్ట్ స్మిత్ దగ్గర కోళ్ళ ఫ్యాక్టరీలో నేర్చుకున్న ఇంగ్లిషు. మాటలు తక్కువ.

"లిన్‌కి ముందు నాకొక కూతురు," అంది హాన్. "లిన్ చెప్పిందా?"

"లేదు ఆంటీ."

"చెప్పదు. దానికి తెలిసింది కొంచెమే."

హాన్ ఉండ చుడుతూనే చెప్పింది. పెళ్ళి ఫోర్ట్ స్మిత్‌లోనే జరిగింది. అప్పటికి తనవైపు పెద్దవాళ్ళు గానీ, భర్తవైపు పెద్దవాళ్ళు గానీ ఒక్కరూ అమెరికాలో లేరు. కూతురు పుడితే తనకి నచ్చిన పేరు పెట్టుకుంది. తర్వాత భర్త కాగితాలు వేసి వాళ్ళ అమ్మను తెప్పించాడు. ఆమె బ్యాగుతో గుమ్మం ఎక్కేసరికి హాన్ లోపల పిల్లను పేరు పెట్టి కసురుతోంది, పాలు కక్కిందని.

"ఆమె అక్కడే ఆగిపోయింది. ఎవర్ని తిడుతున్నావని అడిగింది. అది నా భర్తకి బామ్మ పేరు. మా అత్తగారిని పెంచిన, ఆమె అత్తగారి పేరు."

"మీకు తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? మా దగ్గర పెద్దవాళ్ళ పేరు ఎవరూ పలకరు. పుట్టిన వరస పెట్టి పిలుస్తాం. ఆమె ఆరో బామ్మ. నా భర్తకి కూడా ఆరో బామ్మ అనే తెలుసు. పేరు ఉంటుందన్న ఆలోచనే రాలేదు."

"మార్చేసి ఉంటారు."

"ఆ రోజే మార్చాం. అప్పటికి ఏడు నెలలు పిలిచాను. చలికాలంలో జ్వరం వచ్చింది. గుండెలో రంధ్రం ఉంది, పుట్టినప్పటి నుంచీ ఉందన్నాడు డాక్టర్. బతకలేదు."

గుండెలో రంధ్రానికీ పేరుకీ సంబంధం లేదని దివాకర్ చెప్పొచ్చు. ఆ మాట ఆవిడకి డాక్టరే చెప్పి ఉంటాడు.

"మా అత్తగారు చాలా ఏళ్ళు మాతోనే ఉంది," అంది హాన్. "ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది." చేతికి అంటిన పిండి గీకి గిన్నెలో వేసింది. "మీ అమ్మ పేరు పెట్టుకో. పిల్ల నీది, మీ పద్ధతి మీది. నేను పలకను, అంతే. పూజ అయ్యాక నా ఇంటికి వెళ్తాను. అప్పుడప్పుడు వస్తాను."

కోపంగా అనలేదు. షిఫ్ట్ అయిపోయి ఏప్రన్ విప్పే మనిషిలా చెప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళి పాకం కలిపింది.

దివాకర్ బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. నెల రోజులుగా కోరుకున్నది చేతికొచ్చింది. పిల్లకి జ్వరం వచ్చిన ప్రతిసారీ ఫోర్ట్ స్మిత్‌లో ఈవిడ ఎలా కూర్చుంటుందో అతనికి కనిపించింది. మనవరాలిని పేరు పెట్టి ఒక్కసారి కూడా పిలవని అమ్మమ్మ. అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ పేరు పెట్టడం లేదు."

"ఆవిడ ఒప్పుకోలేదా?"

"ఒప్పుకుంది. నేనే వద్దనుకున్నాను."

"నీకేమైనా పిచ్చా?"

హాన్ చెప్పిందంతా చెప్పాడు. విజయశ్రీ మధ్యలో ఆపలేదు. చివర "అయితే అమ్మ పేరు ఇంక ఎవరికీ లేనట్టేగా," అంది.

"లేనట్టే."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను ఫోన్ జేబులో వేసుకుని, లోపలికి వెళ్ళడానికి తలుపు పట్టుకుని, వెంటనే వెళ్ళలేకపోయాడు.

హాల్లో బల్ల మీద పన్నెండు మంది అమ్మలకి పన్నెండు చిన్న గిన్నెలు, వాళ్ళ పెద్దకి ఒక పెద్ద గిన్నె, పూలు పెట్టారు. లిన్ సోఫాలో పిల్లను పడుకోబెట్టుకుని కళ్ళు మూసుకుంది. హాన్ అగరుబత్తులు చేతిలోకి తీసుకుంది.

"పేరు చెప్పు," అంది, అతని వైపు చూడకుండా.

"అదితి."

లిన్ కళ్ళు తెరిచింది. ఆమె మొదట్లో చెప్పిన నాలుగైదు పేర్లలో అదొకటి. హాన్ అగరుబత్తులు వెలిగించలేదు.

"మీ అమ్మ పేరు అది కాదు."

"కాదు."

"మీ బామ్మా? ఆమె అమ్మా? వాళ్ళ అత్తగార్లు? ఎవరికైనా ఉందా?"

దివాకర్ చెప్పబోయి ఆగాడు. నాన్నమ్మ సీతారత్నం. అమ్మమ్మను ఊరంతా దొడ్డమ్మ అనేవారు, అతనూ అలాగే అన్నాడు. అంతకు ముందువాళ్ళు అతనికి ఫొటోలు. ఒక ఫొటోలో ముక్కుకి బేసరి ఉన్నావిడ ఎవరో కూడా తెలీదు.

"నాకు తెలీదు ఆంటీ."

"తెలుసుకో," అంది హాన్. "నేను ఆగుతాను."

ఇప్పుడే ఫోన్ పెట్టేసిన అక్కకి మళ్ళీ చేశాడు. తీస్తుందనుకోలేదు. తీసింది.

"ఏంటి?"

"అమ్మమ్మ అసలు పేరేంటక్కా?"

"ఎందుకు?"

"అదితి అని మన పెద్దాళ్ళలో ఎవరైనా ఉన్నారేమో చూడాలి. ఉంటే పెట్టకూడదు. ఆంటీ అగరుబత్తులు పట్టుకుని నిలబడి ఉంది."

"మనవాళ్ళకి అదితులెక్కడివిరా," అంది విజయశ్రీ. ముక్కు చీదిన చప్పుడు. "స్పీకర్‌లో పెట్టు. అమ్మమ్మ వెంకాయమ్మ. వాళ్ళమ్మ మంగతాయారు. నాన్నమ్మ నీకు తెలుసు. నాన్నమ్మ అత్తగారు చిట్టెమ్మ. అంతకు ముందువాళ్ళ పేర్లకి ఆంజనేయప్రసాద్ బాబాయిని అడగాలి."

"అమ్మ పేరు?" అంది హాన్, ఫోన్ వైపు వంగి. "మీ అమ్మ పేరు కూడా చెప్పు. ఈ ఇంట్లో ఎవరూ పొరపాటున పెట్టకూడదు. దీని పిల్లలు కూడా."

"సుభద్ర, ఆంటీ," అంది విజయశ్రీ.

హాన్ పలికింది. సరిగ్గా రాలేదు. విజయశ్రీ విడదీసి చెప్పింది, హాన్ మళ్ళీ పలికింది. తర్వాత అగరుబత్తులు రెండు చేతులా పట్టుకుని ఆ పేరుకి తల వంచింది.

"మనవైపు?" అంది లిన్. "నాకూ తెలీదు కదా."

హాన్ ఒక్కొక్కటే చెప్పింది. లిన్ వింటూ కూర్చుంది. లిన్ తండ్రివైపు ఆరో బామ్మ దగ్గరికి వచ్చాక హాన్ ఆగింది.

"ఇంకొకటుంది," అంది. "అదితికి దగ్గరగా లేదు. చాలు."

ఎవరూ అడగలేదు. ఆవిడ అగరుబత్తులు వెలిగించింది.