వంకాయరంగు బెలూన్

2011 జూన్ 11, శనివారం. పొద్దున నిమ్మకాయ పులిహోర తిన్నాను.

నేనే కలిపాను. పసుపు ఎక్కువైంది.

సింకు దగ్గర వేళ్లకు సబ్బు రాస్తే పసుపు ఎర్రబడింది... నీళ్లు పోస్తే ఎరుపు పలచబడి, మళ్లీ పసుపే మిగిలింది. కెమిస్ట్రీ చదివినవాణ్ణి. ఎందుకో తెలుసు. అయినా కాసేపు చూస్తూ నిలబడ్డాను.

నా భార్య హైమ పోయి మూడేళ్లు.

మిగిలిన పులిహోర, ఒక నిమ్మచెక్క డబ్బాలో పెట్టుకుని హెర్న్‌డన్ నుంచి పార్కుకు బయల్దేరాను. అక్కడ బెలూన్ ఎగరబోతోంది.

నూట యాభై ఏళ్ల కిందట, ఇక్కడి అంతర్యుద్ధంలో, ఈ వర్జీనియా పొలాల మీదే యుద్ధపు బెలూన్లు ఎగిరాయి. తాళ్లు కట్టి ఒక మనిషిని పైకి వదిలేవారు. చీకటి పడే వేళకు అతడు అవతలి సైన్యం వేసుకున్న మంటలు లెక్కపెట్టేవాడు. ఇన్ని మంటలు — అంటే ఇంతమంది.

కానీ పైనుంచి చూస్తే మంట మంటే. దాని పక్కన మనిషి ఉన్నాడో లేడో...

మా చరిత్ర క్లబ్బు ఆ బెలూన్‌కు చిన్న నమూనా కుట్టింది. కుట్టించింది మార్జొరీ. రిటైరైన స్కూల్ టీచరు. మార్చి నెల మీటింగులో ఆవిడ ఒక కథ చెప్పింది: దక్షిణాది సైన్యానికి బెలూన్ కుట్టడానికి పట్టు దొరకలేదట. ఆడవాళ్లు తమ పట్టు గౌన్లు ఇచ్చేశారట.

ఆ వారమే హైమ అలమర తెరిచాను. మూడేళ్లలో మొదటిసారి.

వంకాయరంగు పట్టుచీర ఒకటి చేతికొచ్చింది. ఇచ్చేశాను. మార్జొరీ వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి అందుకుంది.

ఈ రోజు పార్కులో నా పులిహోర రెండోసారి పెట్టించుకుంటూ ఆవిడే అంది — "మిస్టర్ మూర్తీ, ఆ గౌన్ల సంగతి ఉత్త కథే. పట్టు షాపులో తాన్లకు తాన్లు కొన్నారు."

"ఆ ముక్క మార్చిలోనే చెప్పాల్సింది."

"చెబితే చీర ఇచ్చేవారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే ఫోన్ మోగింది. ఫ్రిస్కో నుంచి మా అమ్మాయి, బిందుమాధవి.

"నాన్నా, ఆగస్టులో ఇషా ఓణీల ఫంక్షన్ కదా. అమ్మ పెళ్లిచీర దానికి పరికిణీగా స్టిచ్ చేయిస్తున్నా. నెక్స్ట్ వీకెండ్ వచ్చి పిక్ చేసుకుంటా."

"ఏ చీరమ్మా?"

"వంకాయరంగుది. అది మనవరాలు ఇషాకేనని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది! నలభై ఏళ్లు కాపురం చేసి పెళ్లిచీర తెలీదా మీకు?"

"హోమం పొగలో నాకేం కనబడలేదమ్మా."

"నాన్నా..."

ఫోన్ పెట్టేశాను.

వంకాయరంగు చీరలు రెండు. ఒకటి పెళ్లిది. రెండోది పెళ్లయిన పాతికేళ్లకు, అదే రంగు, అదే అంచు కావాలని ఊరంతా వెతికి కొనుక్కున్నది. రెండింటి జరీ నల్లబడింది. పెళ్లి ఫోటోలు నలుపు తెలుపు.

ఏది ఇచ్చాను?

హైమ ఉంటే వీధి చివర నుంచే చెప్పేది.

వేడిగాలి నింపారు. బెలూన్ ఒళ్లు విరుచుకుంది. అప్పటి పద్ధతిలోనే నలుగురం నాలుగు తాళ్లు పట్టుకున్నాం. కొద్దికొద్దిగా వదిలాం. నీలం ముక్కలు, తెల్ల ముక్కలు, వాటి మధ్య వంకాయరంగు. ఎండ దానిలోంచి దిగి నా చొక్కా మీద పడింది.

ఆ రోజుల్లో పైనుంచి కిందికి చూసేవారు. నేను కిందినుంచి పైకి.

అంచు దగ్గర ఒక మచ్చ. ఎర్రగా.

"అది నా తప్పే," అంది పక్క తాడు పట్టుకున్న మార్జొరీ. "పసుపుపచ్చ మరక ఉంటే సబ్బు పెట్టాను. ఎర్రబడింది. భయపడి కడగకుండా వదిలేశాను, మీకూ చెప్పలేదు."

పసుపు. తలంబ్రాల పసుపు... అయితే అదే. పెళ్లిచీరే.

తాడు అరచేతిలో లాగుతోంది. ఆ యుద్ధంలో ఒకసారి తాడు తెగి, ఒక అధికారి శత్రువుల నెత్తి మీదికి కొట్టుకుపోయాడట. అంతలో గాలి మళ్లి అతన్ని వెనక్కి తెచ్చి దింపిందట. గాలికి ఏ పక్షమూ లేదు. అయినా తెచ్చింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లాను. రెండో చీర మంచం మీద మడత మడతగా విప్పాను.

అంచు దగ్గర ఒక మచ్చ. పసుపుగా.

అదే చోట. అంతే మచ్చ.

పండగపూట పట్టుచీరతోనే పులిహోర కలిపేది హైమ. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎలా మరిచాను... ఏది తలంబ్రాలు? ఏది పులిహోర?

సాయంత్రం మళ్లీ పార్కుకు వెళ్లాను. షెడ్డులో బెలూన్ గాలి తీసి పరిచి ఉంది. నేను చెప్పిందంతా మార్జొరీ విన్నది. కుట్లు విప్పే చిన్న కత్తి తీసింది.

"రేపు స్కూలు పిల్లలు వస్తారు. వాళ్లకు నేను చెప్పుకుంటాను. మీరు ఊఁ అనండి, ఈ ముక్కలు ఇప్పుడే విప్పేస్తాను."

డబ్బాలోని నిమ్మచెక్క మచ్చ మీద మెల్లగా అద్దాను.

ఎరుపు పోయింది. పసుపు వచ్చింది. ఇంట్లో ఉన్నదానికీ దీనికీ ఇప్పుడు ఏ తేడా లేదు.

"ఇది ఆవిడ పెళ్లిదేనా?"

"ఆవిడదే," అన్నాను. "ఏ రోజుదో తెలీదు."

కత్తి ఆవిడ చేతిలోనే ఉంది. పట్టు మీద అలాగే వేలు పెట్టి ఉంచాను. బయట ఇళ్లలో ఒక్కో దీపం వెలుగుతోంది — ఏ ఇంట్లో ఎంతమందో.

"ఇషాకు ఇంట్లోది ఇస్తాను," అని చివరికి వేలు తీశాను. వేలి కొన పసుపు.

మార్జొరీ కత్తి మడిచి జేబులో వేసుకుంది. నేను బయటికి వచ్చేదాకా ఆగి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూసింది.